నాడె లేని సాంచా మీద ఏడు సెంటీమీటర్లు

కొలతకు అందనిదాన్ని ఉన్నదని నేను ఏనాడూ ఒప్పుకోలేదు. ముప్పై ఒక్క సంవత్సరాలు సిరిసిల్లలో ఒక నేత సంఘానికి బట్ట తనిఖీదారుగా పనిచేశాను. పోగులు లెక్కించే భూతద్దం, స్టీలు టేపు, రిజిస్టరు తప్ప నాకు వేరే సాక్షులు లేరు. ఎవరైనా దయ్యం మాట ఎత్తితే "దాని పొడవెంత?" అని అడిగేవాణ్ణని నా భార్య ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

కాబట్టి ఇది చదివి నా వయసు మీద జాలిపడవద్దని మనవి. రెండు కళ్లకూ శుక్లాలు తీయించుకున్నాను. భూతద్దంలో పోగు పోగూ కనిపిస్తుంది.

ఉద్యోగ విరమణ తరువాత అదే ఊళ్లోని కళా మ్యూజియంలో రిజిస్టరు రాసే పని ఒప్పుకున్నాను. మూతపడ్డ ఒక సాంచాల షెడ్డునే మ్యూజియం చేశారు. సాంచా అంటే కరెంటు మగ్గం. మొదట్లో జనం నవ్వారు. మల్లాపూర్ నుంచి వచ్చిన ఒక పసుపు రైతు ఆ షెడ్డంతా తిరిగి, "గిసొంటి సామాను మా ఇంట్ల గూడ ఉన్నది సారూ, మావోడు దుబాయి పోయిన కాన్నుంచి నాగలి ముట్టినోడు లేడు. అద్దాల పెడుతరా?" అన్నాడు. అట్లా నవ్వినవాడే ఒక సాంచా ముందు చాలాసేపు నిలబడిపోయాడు.

ఆ సాంచా రాజేశం అనే నేతకారుడిది. పని దొరకని కాలంలో సగం నేసిన తెల్లబట్టను దానిమీదే వదిలి మహారాష్ట్రలోని భీవండి వెళ్లాడు. అక్కడినుంచి గల్ఫ్ వెళ్లాడు. ఏడేళ్లుగా ఫోను లేదు. కోరుట్లలో బీడీలు చుట్టే తల్లికి పుట్టి, హైదరాబాదులో బొమ్మల చదువు చదివి, మ్యూజియంలో ప్రదర్శనలు చూసుకునే మానస ఆ సాంచాను ఉన్నదున్నట్టు ప్రదర్శనకు పెట్టింది. మోటారు, బెల్టు తీసేసింది. పేక నూలును అటూ ఇటూ మోసే నాడెను, అందులోని నూలు చుట్టిన కండెతో సహా, వేరే గదిలో అద్దాల పెట్టెలో ఉంచింది. ఆ పెట్టె తాళం నా జేబులో ఉంటుంది.

రాజేశం భార్య భూలక్ష్మి ఒక్క షరతు పెట్టి సాంచా ఇచ్చింది. పడుగు, అంటే సాంచా మీది నిలువు పోగులు, కోయకూడదు. నేసేవాడు తిరిగి వస్తాడనుకున్నంత కాలం పడుగు కోయరు, అది ఇక్కడి పద్ధతి. కోశారంటే వాడి పని అయిపోయిందని ఊరు ఒప్పుకున్నట్టే. ఆమె రోజూ మధ్యాహ్నం ఆ సాంచా పక్కనే కూర్చుని వేరేవాళ్ల కోసం కండెలు చుట్టుకునేది.

నేను బట్ట అంచుకు ఒక ఎర్ర దారం గుర్తుగా కట్టి, అక్కడినుంచి చివరి పోగు వరకు ప్రతి సోమవారం, ప్రతి గురువారం కొలిచేవాణ్ణి. బట్ట కుంచించుకుపోతుందేమోనని ఆ ఏర్పాటు. ఆరు నెలల్లో యాభై రెండు కొలతలు. అన్నీ నలభై రెండు సెంటీమీటర్లే.

ఆ తరువాత నగరంలోని ఒక గ్యాలరీ నుంచి పిలుపు వచ్చింది. సాంచా అక్కరలేదు, పడుగు కోసి బట్ట పంపితే చాలన్నారు. కింద పెట్టే చీటీ కూడా వాళ్లే రాసి పంపారు: 'దివంగత నేతకారుడి చివరి బట్ట'. మానసకు అది మొదటి పెద్ద అవకాశం, ఒప్పుకుంది. షెడ్డు యజమానే మ్యూజియం కమిటీ అధ్యక్షుడు, ఆయనా ఒప్పుకున్నాడు.

భూలక్ష్మి కండె పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చింది. "గా మాట అచ్చువడ్డదంటే మా పాలోళ్లు తెల్లారే దినాలు పెడుతరు సారు. ఏడేండ్ల సంది బొట్టు తీయమని నా ఎంట వడ్డరు. గిప్పుడు మీరు కాయితం గూడ రాసిస్తరా?" అన్నది. భర్త వైపు దాయాదులను పాలోళ్లంటారు, దినాలంటే చనిపోయినవాడికి చేసే కర్మలు. తేలని విషయంలో మాట ఇవ్వడం నా అలవాటు కాదు.

శుక్రవారం మధ్యాహ్నం కోయాలని నిర్ణయం. అంతకుముందు సోమవారం కొలిచాను. నలభై రెండు. గురువారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, గ్యాలరీకి పంపే కొలత కాగితంలో రాయడానికి మళ్లీ కొలిచాను.

నలభై తొమ్మిది.

టేపు మార్చాను, నలభై తొమ్మిదే. ఎర్ర దారం ఏడు సెంటీమీటర్లు ముందుకు జరిగి ఉంది. బట్ట చుట్టుకునే రోలరు పళ్ల మీద దుమ్ము మాత్రం చెదరలేదు. అద్దాల పెట్టె తాళం వేసే ఉంది, లోపల నాడె ఉంది. షెడ్డుకు ఒకటే తలుపు, రెండు తాళపు చెవులు. ఒకటి నాది, మరొకటి అధ్యక్షుడిది. ఆయన ఆ మూడు రోజులూ జగిత్యాలలో పెళ్లికి వెళ్లాడు, చెవి వెంట తీసుకువెళ్లాడు. మానస కోరుట్లలో ఉంది. భూలక్ష్మికి కండెలు చుట్టడం వచ్చు, నేయడం రాదు. కండె మీద నూలు ఎంత ఉన్నదో ముందే తూచి రాసుకోలేదు. అది నా తప్పు, ఒప్పుకుంటున్నాను.

భూతద్దం పెట్టి కొత్త భాగం లెక్కపెట్టాను. ఆ బట్ట అంగుళానికి నలభై నాలుగు పేక పోగులు. ఏడు సెంటీమీటర్లకు నూట ఇరవై ఒకటి రావాలి. మూడుసార్లు లెక్కపెట్టాను, మూడుసార్లూ నూట ఇరవై ఒకటే.

పాత బట్ట ముగిసి కొత్తది మొదలైన చోట సన్నని ఖాళీ గీత కనిపించింది. ఆగిన సాంచాను మళ్లీ నడిపేటప్పుడు రెండు పోగులు వెనక్కి తీసి మొదలుపెట్టాలి. తొందరలో తీయకపోతే ఆ గీత పడుతుంది. అది ఎవరైనా చేసే పొరపాటే. కాని గీత వెంటనే, ఒకే సందులో రెండు పోగులు పడిన జంట పోగు కూడా ఉంది. ఆ రెండూ అదే వరుసలో నా ఉద్యోగకాలమంతటిలో ఒక్క మనిషి బట్టలోనే చూశాను. ఆ లోపానికే రాజేశం తానులు మూడు తిప్పి పంపాను. నియమం ప్రకారమే పంపాను, ఆ మాట ఇప్పటికీ అంటాను. మూడో తాను తిరిగి వెళ్లిన వారంలోనే అతడు భీవండి బస్సెక్కాడు. ఆ సంగతి నేను ఏ రిజిస్టరులోనూ రాయలేదు.

భూలక్ష్మిని పిలిచి భూతద్దం ఇచ్చాను. ఆమె తీసుకోలేదు, బొటనవేలితో అంచు తడిమింది.

"గిది మా ఆయిన గీతనే. నాకంటె మీకే ఎక్కువ ఎర్క గద సారు, మూడుమాట్ల వాపసు పంపితిరి." అంచు వదిలి, "ఫోను జేసుడు బందువెట్టిండు గని, పని బందువెట్టలే," అని వెళ్లి మళ్లీ కండె అందుకుంది.

శుక్రవారం అధ్యక్షుడు వచ్చి రిజిస్టరు చూశాడు.

"ముందుగాల కొలుసుడే తప్పువడ్డదని రాయున్రి సారు, ఒడుస్తది."

"యాభై మూడుసార్లా?"

"పెద్దమనిషి అయిపోతిరి. ఎవలూ తప్పువట్టరు."

"పట్టాలె. తప్పయితే పట్టాలె. గీ సోమవారం నుంచి గురువారం దాంక ఏడు సెంటీమీటర్లు ఎట్ల వచ్చినయో మీరు రాసియ్యున్రి, కింద నేను సంతకం పెడత."

ఆయన కలం తీయలేదు. కొలత ధ్రువీకరించే సంతకం లేనిదే గ్యాలరీ బట్టను తీసుకోదు. ఆ ఏడు సెంటీమీటర్ల సంగతి తేలేదాకా ఆ సంతకం నేను చేయనన్నాను. కత్తెర తెచ్చిన మానస చాలాసేపు ఆ గీతనే చూసింది. తరువాత కత్తెర సంచిలో వేసుకుని, "ఇంకా నేస్తున్న బట్టను ఎట్ల కోస్తం సార్, నేనే వాళ్లకు ఫోన్ చేస్త," అని అధ్యక్షుడితో అన్నది. గ్యాలరీవాళ్లు ఆమెను మళ్లీ పిలవలేదు.

ఇది జరిగాక నా మీద మాటలు చాలానే వచ్చాయి. ముసలాయనకు మతి తప్పిందన్నారు, భూలక్ష్మి మీద జాలితో అబద్ధం రాశాడన్నారు. అనేవారందరినీ టేపు తెచ్చుకుని రమ్మన్నాను. నలుగురు వచ్చారు, కొలిచారు, వెళ్లారు. ఆనాటి నుంచి ప్రతి సోమవారం, ప్రతి గురువారం కొలుస్తూనే ఉన్నాను. నలభై తొమ్మిది దాటలేదు, తగ్గలేదు. రాజేశం జాడ ఇప్పటికీ తెలియదు. పాలోళ్లు దినాలు పెట్టలేదు, భూలక్ష్మి బొట్టు తీయలేదు.

ఆ బట్ట ఎట్లా పెరిగిందో నాకు తెలియదు. ఊహించి రాయను, కొట్టివేయను. రిజిస్టరులో ఆ గురువారం ఎదురుగా నేను రాసింది ఇదే: పొడవు నలభై తొమ్మిది. పోగులు సరి. లోపాలు రెండు, ఖాళీ గీత ఒకటి, జంట పోగు ఒకటి. నేత, రాజేశం. ఫలితం, పాస్.