దావీదన్న వదలమన్న సందు

చిరాగ్‌పల్లి దగ్గర రోడ్డుకు కొత్త తారు పోస్తున్నారు. గాలి ఇటు తిరిగితే ఆ వాసన జహీరాబాదులో నా మంచం దాకా వస్తుంది. ఇంట్లోవాళ్ళు కిటికీలు మూస్తారు. నేను మాత్రం లేచి కూర్చుని, దొరికినవాళ్ళకు చెప్పడం మొదలుపెడతాను: గోవా మీదికి మన నౌకాదళం పోయినప్పుడు ఒడ్డుకు దూసుకెళ్ళిన మొదటి పడవ నా చేతి పని. ఈ ఊళ్ళో పడవ ఎక్కినవాళ్ళు తక్కువ కాబట్టి ఆ మాట అరవై ఏళ్ళుగా బాగానే చెల్లుతోంది.

ఆ పడవలో ఉన్నవాడు దావీదన్న. నాకంటే ఆరేళ్ళు పెద్ద. మా వీధి చివరి ఇల్లు. తల్లి శాంతమ్మ, చెల్లెలు రూతు. మిషన్ బడిలో వడ్రంగం నేర్చుకుని, బొంబాయి రైలెక్కి, నౌకాదళంలో చేరాడు. తుపాకి పని కాదు. పడవలు కట్టడం, చిల్లులు పడ్డవాటిని బాగుచేయడం. ఏడాదికోసారి సెలవు మీద వచ్చేవాడు. ఎన్నిసార్లు ఉతికినా అతని బట్టలకు తారు వాసన పోయేది కాదు.

నేను తరతరాల వడ్లవాళ్ళ ఇంట్లో పుట్టినవాణ్ణి. ఇరవై ఏళ్ళకే నాకు తెలియని కట్టెపని లేదనుకునేవాణ్ణి. ఒక వేసవిలో న్యాల్‌కల్ పటేల్ చెరుకు గానుగకు రసం పట్టే చెక్కతొట్టి చేస్తున్నాను. పలకకు పలక ఎంత బిగించానంటే ఎక్కడ అతుకుందో వెతుక్కోవాలి. సెలవు మీదున్న దావీదన్న వచ్చి, అంచు మీద వేలితో రాసి చూశాడు.

"మంచిగ బిగించినవ్. నీళ్ళు పోసి చూసినవా?"

"పోసుడెందుకన్నా? ఎంటికె సుత దూరదు."

"దూరదు గని, జర పొయ్యి."

బావి నుంచి ఇరవై బిందెలు మోసి నింపాను. ఆ రోజు ఒక్క చుక్క కారలేదు. ఆ సాయంత్రం వీధంతా వినేలా అతణ్ణి ఎగతాళి చేశాను. బీడీ కాల్చుకుంటూ నవ్వి ఊరుకున్నాడు. మూడోనాడు పొద్దున తొట్టి మూలిగింది. చూస్తుండగానే అడుగు పలక వీపులా లేచి, పక్క పలకను తన్నింది. నీళ్ళన్నీ మా నాయన కాళ్ళ మీదికి వచ్చాయి.

దావీదన్న మాత్రం నవ్వలేదు. "ఎండిన కట్టె నీళ్ళు తాగితే ఉబ్బుతది శంకరయ్యా. దానికి జాగ ఇడువలే నువ్వు. మన దిక్కు తాగనీకే నీళ్ళుండవు, నీకెట్ల తెలుస్తది?"

మిగిలిన సెలవంతా నాతోనే కూర్చున్నాడు. పలకల మధ్య పోగు మందం సందు వదలాలి. అందులో పత్తిదారం పెట్టి, కొయ్య సుత్తెతో మెల్లగా కుక్కాలి. పైన మైనం. పడవకైతే మైనం బదులు తారు. నాకు అది అవమానంగా ఉండేది. "సందులు కనవడితే పటేల్ నా మొఖాన ఉమ్ముతడన్నా," అన్నాను.

"ఉమ్మనియ్యి. గీ తప్పు నేను సముద్రంల చేస్తే మునిగేది నేను గాదు, నన్ను నమ్మి కూసున్నోళ్ళు."

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. నేను పడవ చేయలేదు. పడవ పలక కూడా చేయలేదు. ఆ సెలవు అయిపోయేటప్పుడు తుమ్మకట్టెతో ఒక కొయ్య సుత్తె చేసి ఇచ్చాను, దారం కుక్కడానికి. పిడి వంకరగా ఉందని అతనే మళ్ళీ చెక్కుకున్నాడు. గోవాకు పోయింది ఆ సుత్తె. అది ఎక్కింది మొదటి పడవో, మూడో పడవో నాకు తెలియదు.

అరవై ఒకటి చివరలో గోవా యుద్ధం వచ్చింది. అక్కడ ఒక దీవి మీదికి దావీదన్నవాళ్ళు పడవల్లో దిగుతుండగా అవతలి నుంచి కాల్పులు జరిగాయి. కొన్నాళ్ళకు శాంతమ్మకు జాబు వచ్చింది. ఏడు తరగతులు చదివినవాణ్ణి కదా అని నా దగ్గరికి తెచ్చింది. ఆమె ఏడవడం లేదు. కొడుకు చనిపోయిన సంగతి తంతి ముందే చెప్పింది. ఆమెకు కావలసింది ఒక్కటే.

"మట్టి దొరికిందా కొడుకా, నా బిడ్డకు?"

జాబు ఇంగ్లీషులో ఉంది. నాకు అర్థమైంది నాలుగు మాటలు: పడవ, ఒడ్డు, గౌరవం, సముద్రం. తెలియదని చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. కాగితం మీద వేలు కదిలిస్తూ చదివేశాను. "ఇసుక మీద దిగిండట. ఆడనే పానం పోయిందట. చెట్టు కింద మట్టి చేసిన్రు, సిలువ పాతిన్రు."

"మట్టి ఎవరేసిన్రు?"

"అందరు తలా పిడికెడు ఏసిన్రట చిన్నమ్మా."

ఆమె జాబు మడిచి కొంగున కట్టుకుంది. తర్వాత ప్రతి ఆదివారం మిషన్ గుడి విడిచాక నా కోసం పీట వేసి, మళ్ళీ చెప్పమనేది. నేను చెప్పేవాణ్ణి. చెప్పినకొద్దీ చెట్టు పెద్దదైంది, బ్యాండు వచ్చింది, దావీదన్న చేతికి జెండా కూడా వచ్చింది. పోయేదాకా శాంతమ్మ అదంతా నమ్మింది.

నా కొడుకులు ఇప్పుడు మిషన్ల మీద పలకలు కోస్తారు. తలుపు చేసినా, తొట్టి చేసినా పోగు మందం సందు వదలమని వెనక నిలబడి పోరుతుంటాను. కట్టె పనిలో అది వచ్చింది. ఆ జాబు చేతికొచ్చిన రోజున మాత్రం, తెలియని చోటును ఖాళీగా వదలడం చేతకాలేదు.

ఇదంతా రాసి, నిన్న రూతుకు చదివి వినిపించాను. ఆమెకూ ఎనభై దాటాయి. చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని ఆఖరు దాకా విన్నది.

"జెండా లేదని ఒప్పుకున్నవ్, మంచిదే. గని అమ్మ నమ్మిందని రాసినవ్ చూడు, అది కొట్టెయ్."

"ఎందుకు?"

"నువ్వు చదివిన మర్నాడే జాబు పట్టుకొని బడి సారు తాన పోయింది. నేను పక్కనే ఉన్న. మట్టి గాదు, సముద్రంలనే సాగనంపినమని అండ్ల రాసుండె."

"మరి ఆదివారం ఆదివారం నన్నెందుకు చెప్పమన్నది?"

"ఊళ్ళె అన్న పేరెత్తేటోడివి నువ్వొక్కనివే ఉంటివి శంకరన్నా. నీ అబద్ధం ఎవలికి కావాలె?"