కళ్లు తెరిచే కారు

మా నతానియేలు తనకోసమంటూ చేసుకున్నది జీవితంలో ఒక్కటే. బందరులో లేత్ షెడ్డు పెట్టి ఊరందరి బోట్లకూ మోటార్లకూ షాఫ్టులు చేసిపెట్టాడు, చెల్లెలు హన్నా పెళ్లి చేశాడు, చర్చికి గంట బిగించాడు. అవన్నీ ఒకళ్ల కోసం చేసినవి. తనకోసం చేసుకుంది ఆ కారు.

సింగపూరు నుంచి ఎవరో తెచ్చుకుని, సముద్రపు గాలికి తుప్పు పట్టించి వదిలేసిన రెండు తలుపుల టొయోటా సెలికా అది. పాత సామాన్ల కొట్టులో తుక్కు కింద కొన్నాడు. ఏళ్ల తరబడి దానితోనే కాపురం. స్ప్రింగులు మార్చి నేలకు దించాడు, ఇంజనుకు టర్బో తగిలించాడు, సైలెన్సర్ తనే చుట్టాడు. స్విచ్ నొక్కితే బానెట్‌లోంచి లైట్లు రెండూ పైకి లేచేవి. పేటలో పిల్లలు దాన్ని కళ్లు తెరిచే కారు అనేవారు. ఎక్కే ముందు పైకప్పు మీద అరచెయ్యి ఆనించి చిన్న ప్రార్థన చేసుకోవడం వాడి అలవాటు. అది చల్లపల్లి రోడ్డెక్కితే పక్క సీట్లో నేను మోపిదేవి స్వామికి మొక్కుకునేవాణ్ణి, వాడు హాయిగా కీర్తనలు పాడేవాడు. నాది ఫొటో స్టూడియో. మా ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు గానీ, చిన్నప్పటి నుంచీ బావా అంటే బావా.

రెండువేల మూడులో వాడి కళ్లకు నీటికాసులని తేలింది. ఎదురుగా ఉన్నది కనబడుతుంది, పక్కనుంచి వచ్చేది కనబడదు. కొన్నాళ్లకు ఎదురుగా ఉన్నదీ కనబడదని డాక్టరు చెప్పేశాడు. పక్కనుంచి వచ్చిన గేదెను గుద్దిన రోజున వాడి భార్య హెప్సిబా తాళం లాక్కుంది.

"అమ్మెయ్యండి. షెడ్డులో పెట్టుకుని రోజూ దాన్ని తడుముకుంటూ ఏడుస్తారు మీరు. నేను చూడలేను."

వాడు ఒప్పుకున్నాడు, ఒక్క షరతు మీద. దాన్ని దాన్లాగే ఉంచి, రోడ్డు మీద పరిగెత్తించేవాడికే ఇవ్వాలి.

నేను ఫొటోలు తీసి స్టూడియో అద్దంలో పెట్టాను. వచ్చినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న, వెనకాల ఎంతమంది పడతారని. ఒకాయన మైలేజీ విని, "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్నమాట!" అని నవ్వాడు. నతానియేలు లేచి షెడ్డు లోపలికి వెళ్లిపోయాడు. అలాంటి నోళ్లకు తాళం వెయ్యాలనిపిస్తుంది నాకు.

తర్వాత గుడివాడ నుంచి పెళ్లి ఊరేగింపులకు కార్లు అద్దెకిచ్చే యలమంద వచ్చాడు. మంచి ధరే చెప్పాడు.

"పైకప్పు కోసేస్తానండీ. వెనకాల సింహాసనం వేస్తే పెళ్లికొడుకూ పెళ్లికూతురూ రాజూ రాణీల్లా ఉంటారండీ."

నతానియేలు వాణ్ణి గేటు దాకా తరిమాడు. "కారు కొనడానికి రాలేదు బావా వీడు, కొయ్యడానికొచ్చాడు!"

చివరికి నందివాడ నుంచి చేపల చెరువుల గంగాధరరావు గారొచ్చారు, కొడుకు ఆదిత్యను వెంటబెట్టుకుని. కుర్రాడు కారును వదల్లేదు. తండ్రి నెమ్మదైన మనిషి.

"మావాడి ముచ్చటండీ. కంటికి రెప్పలా చూసుకుంటాడు. పైకప్పు జోలికి పోనని మాటిస్తున్నా."

నతానియేలు కప్పు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తే, ఆయన కూడా చెప్పులు విడిచి కళ్లు మూసుకున్నాడు. వాళ్లింటికి వెళ్లే చెరువుగట్ల మీద లారీలే ఒళ్లు హూనమై వెళ్తాయి, నేలబారు కారు ఎలా వెళ్తుందని నేను వాడి చెవిలో గొణిగాను.

"పెద్దమనిషి మాటిచ్చాక, మీ ఇంటికి దారెలా ఉందండీ అని అడుగుతామా బావా? బాగోదు," అని నన్నే కసిరాడు.

మా వైపు మర్యాద ఇలాగే ఏడుస్తుంది.

రెండేళ్లకు గుడివాడలో మా మేనకోడలు శ్రీలేఖ పెళ్లి. అప్పటికి నతానియేలుకు వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియడం లేదు. సాయంత్రం నా భుజం పట్టుకుని ఊరేగింపు కోసం నిలబడ్డాడు. బ్యాండు కాసేపు ఆగింది. ఆ సందులో ఒక ఇంజను గురగురమంది.

వాడి వేళ్లు నా భుజంలో దిగిపోయాయి. "బావా! నాదే! నడుస్తోంది బావా, ఇంకా నడుస్తోంది!"

ఆ మొహంలో అంత సంతోషం మళ్లీ చూస్తాననుకోలేదు. నేను కారు వైపు చూశాను. స్టీరింగ్ దగ్గర యలమంద. వాడి వెనక ఎర్ర మఖమల్ సింహాసనం, మల్లెదండలు, మా శ్రీలేఖా పెళ్లికొడుకూ. వాళ్ల నెత్తిన ఆకాశం.

నన్ను చూసి యలమంద కిందికి దిగి గొంతు తగ్గించాడు. "గట్ల మీద కారు పొట్ట పగిలిందండీ. ఆ కుర్రాడికీ మోజు తీరింది. గంగాధరరావు గారే నాకమ్మారు. ఆయన మాట తప్పలేదండీ, కోసింది నేను."

బ్యాండు మళ్లీ ఎత్తుకుంది, ఆ మాటలు నతానియేలు చెవిన పడలేదు.

"కళ్లు తెరిచిందా బావా?"

ఒక లైటే లేచి ఉంది. "తెరిచింది," అన్నాను.

వాడు నన్ను వదిలి ముందుకు నడిచాడు. బానెట్ తడిమాడు, అద్దం తడిమాడు. ఆ తర్వాత అలవాటు ప్రకారం ప్రార్థనకు చెయ్యెత్తి కప్పు మీద ఆనించబోయాడు. అక్కడ గాలి తప్ప ఏమీ లేదు. చెయ్యి కాసేపు అలాగే వెతికింది.

వాడు నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు.

"వానొస్తే అమ్మాయి తడుస్తుంది బావా."

యలమంద హారన్ కొట్టాడు. నతానియేలు చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. దాన్ని నేనే పట్టుకుని కిందికి దించాల్సి వచ్చింది.