మావయ్య విమానంలో అడిగిన ప్రశ్నలు

సందేహమన్నది మావయ్య నోట్లో ఒక్క క్షణం ఆగదు. వృత్తికి దర్జీ. గుడ్డకి కొలతలు తీస్తాడు గానీ మాటకి తీయడు. లిఫ్టెక్కితే, "ఈ తీగ తెగితే ఎక్కడ తేలతాం బాబూ?" అంటాడు. మేనకోడలి చిన్నప్పుడు ఆమె బడికెళ్తే, "టీచరమ్మా, ఈ భిన్నాలు నా బుర్రకెక్కలేదు, ఇంకోసారి చెబుదురూ" అన్నాడు. లోకంలో మనుషులు ఆకలైతే అడుగుతారు, దాహమైతే అడుగుతారు, తెలియకపోతే మాత్రం ఎందుకో తలూపేసి ఊరుకుంటారు. ఆ మర్యాద మావయ్యకి అబ్బలేదు. పక్కనుండే మేనకోడలికి మాత్రం ప్రతిసారీ తల కొట్టేసినట్టయ్యేది.

ఇప్పుడు మేనకోడలి తల్లికి వేరే ఊళ్ళో మోకాలి ఆపరేషన్. "తమ్ముడొస్తే గానీ బల్లెక్కను" అని ఆవిడ భీష్మించుక్కూర్చుంది. చేసేది లేక మేనకోడలు మావయ్యని వెంటబెట్టుకుని విమానమెక్కింది.

విమానం ఇంకా కదలనేలేదు. ఎయిర్ హోస్టెస్ బెల్టులు చూసుకుంటూ వచ్చింది.

"అమ్మాయ్, గాల్లో ఉండగా ఎవరైనా లాగితే ఆ తలుపు ఊడొస్తుందా?"

"రాదు సార్."

"పైలట్ గారికి కళ్ళు తిరిగితే?"

"ఇంకో పైలట్ ఉంటారు సార్."

"ఆయనకీ తిరిగితే?"

"మావయ్యా, నీకు దండం పెడతాను, ఊరుకో!"

వెనక సీటాయన దిగ్గున లేచాడు. "ఈ పెద్దాయన వాలకం బాగాలేదు. దించేయండి!"

కాసేపటికి మావయ్యా మేనకోడలూ భద్రతాధికారి గదిలో ఉన్నారు.

"ఈయన్ని ఇక మా విమానాలెక్కనివ్వం," అన్నాడు అధికారి మొహం గంటు పెట్టుకుని.

"మరి నా సంచి లోపలే ఉండిపోయింది. అదొక్కటే వెళ్తుందా బాబూ?"

మేనకోడలు తల పట్టుకుంది. తెల్లారితే ఆపరేషన్. వేళకి చేర్చే విమానం మరోటి లేదు.

అంతలో ఎయిర్ హోస్టెస్ పరుగున వచ్చింది. "సార్, వీళ్ళ పక్క సీట్లో ఆవిడ మొదటిసారి ఎక్కారట. ఈయన రాకపోతే తనూ దిగిపోతానంటున్నారు. భయంతో నోరు పెగలక కూర్చుంటే, తన మనసులోవన్నీ ఈయనే అడిగిపెట్టారట!"

మేనకోడలు తిరిగి చూసింది. "అయితే అవి నీ సందేహాలు కావా మావయ్యా?"

"నాకెందుకే? ఎన్నిసార్లెక్కానో! ఆ తల్లి తలుపుకేసే చూస్తూ చేతులు నలుపుకుంటోంది. ఎవరో ఒకరు వెర్రివాడవ్వాలిగా."

మేనకోడలికి బడి గుర్తొచ్చింది. ఆ భిన్నాలు బుర్రకెక్కనిది తనకే.

అధికారి కెప్టెన్‌తో ఫోన్లో మాట్లాడి నిషేధం ఎత్తేశాడు. ఒక్కటే షరతు: ఈ గది దాటింది మొదలు విమానం దిగేదాకా మావయ్య నోరు విప్పకూడదు.

ఇద్దరూ గది దాటి నాలుగడుగులు వేశారో లేదో, అధికారి వెనకే వచ్చి గొంతు తగ్గించాడు. "మా అమ్మకీ మోకాళ్ళేనండీ. ఆపరేషనయ్యాక మెట్లెక్కగలదో లేదో... డాక్టర్ని అడుగుదామంటే, ఏమనుకుంటాడోనని..."

మావయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, బతిమాలుతున్నట్టు మేనకోడలికేసి చూశాడు.

"మా డాక్టర్ని మేం అడిగి చెబుతాం లెండి," అంది మేనకోడలు, పదిమందికీ వినబడేలా. "ఇంతకీ మీ ఇంటికి మెట్లెన్నండీ?"