కాదనే మీట

మనవరాలు కొత్త ఫోను నా చేతిలో పెట్టి, "ఈడ ‘ఐ అగ్రీ’ అని ఉంది సూడు, నొక్కవ్వా" అంది. నా వేలు ఆగిపోయింది.

ఆదోని బడిలో మన ఫస్టు ఫారం, అదే ఆరో తరగతి, గుర్తుందా, నాతో చదివినవాళ్ళలో ఇంకా మిగిలినవాళ్ళకు? మనిషితోనైతే అగ్రీ విత్, మాటకైతే అగ్రీ టు అని పంతులుగారు వల్లె వేయించేవారు. నేను ఒక్కసారీ తప్పు చెప్పలేదు.

తెల్లదొరల కాలంలో, యుద్ధం నడుస్తున్న ఆ ఏడాదే పత్తి మండీలో మా నాయన, ఎమ్మిగనూరు షావుకారు ఒక తువ్వాలు కింద చేతులు కలిపారు. అప్పట్లో బేరాలన్నీ అలాగే, గుడ్డచాటున వేళ్ళు నొక్కి తేల్చుకునేవారు. నాయన మీసాలకు దూది అంటించుకుని ఇంటికొచ్చాడు.

"పత్తీ కుదిరె, ఆ షావుకారింట్లోనే పాపకు సంబంధమూ కుదిరె" అన్నాడు అమ్మతో.

"నాకు సదువు కావల్ల నాయనా" అన్నాను.

"నిన్నెవురు అడిగినారు?" అన్నాడు. ఆ గొంతులో కోపం కూడా లేదు. మరునాటి నుంచి బడి లేదు.

"నొక్కకపోతే ముందుకు పోదవ్వా" అని మనవరాలు తొందరపెట్టింది.

నీకు సమ్మతమేనా అని ఇన్నేళ్ళకు నన్ను అడిగింది ఈ ఫోనొక్కటే. దాంట్లోనూ కాదనే మీట లేదు.