నిలబడ్డవాళ్ళ దర్బారు

మొన్న వైట్‌ఫీల్డ్‌లో మా అమ్మాయి వాళ్ళ అపార్ట్‌మెంటులో లిఫ్టు కోసం నిలబడి ఉంటే, గోడకు కొత్తగా తగిలించిన పటం ఒకటి కనబడింది. పాతకాలపు యూరోపు రాజదర్బారు. ఎక్కడో డజన్ల కొద్దీ అచ్చువేసిన నకలే అయి ఉంటుంది. అయినా లిఫ్టు వచ్చి వెళ్ళిపోయింది గానీ నేను కదల్లేదు. అలాంటి పటం ఉన్న గదిలోనే నా కాలేజీ చదువంతా సాగింది.

డెబ్బైల చివరి నుంచి కొన్నేళ్ళు నేను బెంగుళూరులో మా పిన్ని దగ్గర ఉండేదాన్ని. ఒంగోలు పక్క పల్లె నుంచి నర్సు ట్రైనింగుకని వచ్చి, కంటోన్మెంటులో ఒక ఆసుపత్రిలో చేరి, పెళ్ళి ఊసెత్తకుండా అక్కడే ఉండిపోయిన మనిషి. స్వదేశం వెళ్ళిపోతూ ఒక ముసలి డాక్టరమ్మ ఆమెకు ఆ పటం ఇచ్చిందట. రాగిరేకు మీద సూదితో గీసి, ఆసిడ్‌తో గీతల్ని లోతుచేసి, సిరా పూసి కాగితం మీద అద్దిన బొమ్మ. రంగులు లేవు, వెలుగూ చీకటీ రెండూ గీతల్లోనే. ఎత్తైన మెట్ల మీద, పట్టుతెరల కింద పెట్టుడు జుట్టుతో రాజు. ఎదురుగా ఒంగి ఏదో విన్నవించుకుంటున్న రాయబారి. అటూ ఇటూ వరసలు కట్టిన జనం. ఒక మూల కుక్క మాత్రం హాయిగా పడుకుని ఉండేది. మా ఒంటిగదిలో యేసుప్రభువు పటానికి ఎదురుగోడ దానికి దక్కింది.

ఇంటి ఓనరమ్మ వాళ్ళది తరాల కిందట చిత్తూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. గిన్నెలో సారు, అదే మన చారు, పట్టుకొచ్చినప్పుడల్లా ఆ పటం ముందు ఆగేది. “ఏంది సిస్టరమ్మా, ఇంతమంది నిలబడుకోనుండారు, ఒగడే కూర్చోనుండాడు. వీళ్ళకి కాళ్ళు నొయ్యవా?” అనేది. “మా వార్డూ అంతేలే అక్కా,” అనేది పిన్ని, మంచం అంచున కూలబడి, బూట్లు విప్పే ఓపిక కూడా లేక.

నిలబడీ నిలబడీ ఆమె పిక్కల మీద నరాలు ఉబ్బిపోయాయి. ఎనభైల మొదట్లో చీలమండ దగ్గర పుండు పడింది, మానలేదు. కూర్చుని చేసే పని ఇమ్మని అడిగితే, అది సూపరింటెండెంటు గారి చేతిలో ఉందన్నారు. డ్యూటీ దిగాక రోజూ వెళ్ళి ఆయన గది బయట నిలబడేది. బంట్రోతు “నాళె బన్ని సిస్టర్” అని రేపటికి తోసేసేవాడు. చివరికి లోపలికి పిలిచిన రోజు, నడవలేక నన్ను తోడు తీసుకెళ్ళింది.

పెద్ద బల్ల వెనక ఆయన. పక్కన చేతులు కట్టుకుని ఇద్దరు ఉద్యోగులు. ఆయన తల ఎత్తకుండానే “చెప్పండి” అన్నారు. పిన్ని ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ లాక్కుని కూర్చుంది. “సిస్టర్!” అన్నాడు ఒక ఉద్యోగి, కంగారుగా.

“కాలు చూపించాలి సార్. నిలబడి చూపించలేను,” అని పిన్ని కట్టు విప్పసాగింది. ఆయన లేచి, బల్ల చుట్టూ తిరిగివచ్చి, కిందికి ఒంగి చూశారు. ఎంతైనా డాక్టరే కదా.

“ఎన్నాళ్ళ నుంచి ఇలా?”

“నరాలా సార్? మీరు ఈ గదిలోకి రాకముందు నుంచీ.”

ఆ వారంలోనే ఆమెను దుప్పట్లు, గుడ్డలు భద్రపరిచే గదికి మార్చారు. ఓనరమ్మ సంబరపడి, “గెలిస్తివి గదమ్మా!” అంది. “గెలవడం ఏముందక్కా, కూర్చోమన్నారు, అంతే,” అంది పిన్ని. అందులో ఎత్తిపొడుపు లేదు, అలసటే ఉంది. రోగుల ముఖాలు చూడకుండా దుప్పట్లు మడతపెడుతూ రిటైరయ్యేదాకా అక్కడే ఉంది. పుండు మానేది, మళ్ళీ వచ్చేది. ఒక వానాకాలం గోడకు చెమ్మ దిగి పటం పాడైపోతే నేనే బాధపడ్డాను. ఆమె దాన్ని చూడ్డానికి మధ్యాహ్నం నిద్రలోంచి కూడా లేవలేదు.

అప్పటి ఆమె వయసును నేనెప్పుడో దాటేశాను. సాయంత్రమయ్యేసరికి ఆ రోజు ఎంత పొడుగో మోకాళ్ళు చెబుతాయి. ఇన్నేళ్ళు ఎంత పొట్టిగా గడిచిపోయాయో చెప్పడానికి మాత్రం ఒంట్లో ఏ నొప్పీ లేదు.