నన్నెవరూ బెదిరించలేదు

మొన్న జమ్మలమడుగులో, నా దగ్గర హార్మోనియం నేర్చుకున్నవాళ్లంతా కలిసి నాకు శాలువా కప్పారు. వాళ్లలో ఒకడు, ఇప్పుడు బ్యాంకులో పని చేస్తున్నవాడు, మైకు పట్టుకుని నా గురించి రెండు విషయాలు చెప్పాడు.

"వేరే సార్లు ముందు తాము పాడి మనతో పాడిస్తారు. మా సార్ ముందు మనల్నే పాడమంటాడు. మనకొచ్చిన పాటే మన మొదటి పాఠం" అన్నాడు. జనం తలలూపారు. "ఫ్యాక్షన్ రోజుల్లో కత్తి చూపించి సార్‌తో ఎలక్షన్ పాట కట్టించుకున్నారు. ప్రాణభయంతో కట్టినా ఆ బాణీ ఈ పొద్దుటికీ మన పల్లెల్లో పాడుతాండారు" అన్నాడు. చప్పట్లు మోగాయి. నేను శాలువా సర్దుకుని నవ్వి ఊరుకున్నాను.

అందులో మొదటి మాట నిజమే కానీ అది నా గొప్పతనం కాదు. రెండో మాట అబద్ధం. దాన్ని పుట్టించింది నేనే. ఆ బాణీ కూడా నాది కాదు.

మా నాయన జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయించేవాడు. నాకు వేళ్లు ఆడించడం నేర్పింది ఆయనే. తర్వాత ప్రొద్దుటూరులో ఒక సంగీతం అయ్యవారి దగ్గర చేరి, ఆయన పద్ధతినంతా మోసుకొచ్చాను. మూడు నెలలు సరళీ వరసలు, ఆపైన జంట వరసలు. మధ్యలో పాట అడిగితే తిట్టు. ఇరవై ఆరేళ్ల వయసులో ప్రొద్దుటూరులో ఇళ్లకు పోయి పాఠాలు చెప్పేటప్పుడు, నేను తిట్టని పిల్లలు లేరు.

ఆ ఇళ్లలో ఒకటి బట్టల బజారు వెనక సందులో ఉండేది. వాళ్లది పులివెందుల దగ్గర పల్లె. ఇంటి పెద్దను బస్సు దిగుతుండగా బాంబులేసి చంపారు. తర్వాత తల్లి, ఇరవయ్యేళ్ల కూతురు ఊరొదిలి ప్రొద్దుటూరులో బాడుగింటికి వచ్చారు. కూతురి కాలేజీ మాన్పించారు. గడప దాటనివ్వని పిల్లకు పొద్దుపోవాలని తల్లి నన్ను పిలిపించింది.

వాకిట్లో ఎప్పుడూ ఆ అమ్మాయి మేనమామ మంచమేసుకుని కూర్చుని ఉండేవాడు. పోయిన ప్రతిసారీ ఒకటే తంతు.

"పెట్టె తియ్యప్పా."

"పోయిన వారం తీసి చూపించినా కదా మామా."

"అది పోయిన వారం పెట్టె. ఈ పొద్దు దాంట్లో ఏం పెట్టుకోనొచ్చినావో నాకేం తెలుసు?"

హార్మోనియం గాలితిత్తి కూడా లాగి చూపించమనేవాడు. చెవి ఆనించి వినేవాడు. "ఏముండాది దీంట్లో?"

"గాలి."

"ఉత్త గాలికే ఇంత బరువా! మా ఎమ్మెల్యే మాదిరే ఉందే ఇది" అని నవ్వి లోపలికి పంపేవాడు.

మొదటి రోజే ఆ అమ్మాయి చెప్పింది. "సార్, నాకు శానా పాటలొద్దు. మా నాయన పాట ఒకటుండాది. అది వాయించేది నేర్పిస్తే చాలు."

వాళ్ల నాయన చిన్నప్పుడు కపిల తోలేవాడు. బావిలోంచి ఎద్దులతో తోలు బాన లాగి చేనికి నీళ్లు తోడడమే కపిల. ఎద్దులు ఏటవాలులో దిగుతుంటే పాట సాగుతుంది, బాన పైకొచ్చి తొట్టిలో ఒరిగేటప్పుడు ఆగుతుంది. బావికి మోటారు వచ్చినా ఆయన ఆ పాట వదల్లేదట. మోటారు పక్కన నిలబడి పాడేవాడట. ఆయన గొంతు ఏ టేపులోనూ లేదు, ఆ అమ్మాయి నోట్లో తప్ప. ఆమె నాకు పాడి వినిపించింది. బాన ఒరిగే చోట ఆమె గొంతు ఎక్కడికో జారి, ఒక క్షణం నిలబడి, కిందికి దిగింది.

ఆ రోజే నేను పెన్సిలు పక్కన పెట్టి విని ఉండాల్సింది. బదులుగా ఏమన్నానో చెప్తాను. "ఇది పాట కాదమ్మా, ఎద్దుల్ని తోలే కేక. ముందు వరసలు రానీ" అన్నాను.

మూడు నెలలు ఆమె వరసలు వాయించింది. "ఇంకెన్ని వారాలు సార్?" అని ప్రతిసారీ అడిగేది. నాలుగో నెలలో సరేనన్నాను. ఆ జారుడు దగ్గర ఇద్దరం ఆగిపోయాం.

"ఆడ కాదు సార్" అంది, నా వేలి కింద మెట్టు చూసి.

"మరి ఇదా?"

"అది గూడా కాదు. నడాన."

"రెండు మెట్ల నడుమ ఇంకో మెట్టు లేదు. మెట్టు లేదంటే అది స్వరమే కాదు."

వంటింట్లోంచి తల్లి అందుకుంది. "ఆయప్ప పాడేటప్పుడు మెట్లు యాడివి సార్? బాన పైకొచ్చేదాకా గొంతు లాగేటోడు, అంతే."

నేను నవ్వి, ఆమె నోటుపుస్తకంలో ఎర్ర ఇంకుతో స్వరాలు రాసిచ్చాను. జారుడు తీసేసి అక్కడ ఒక మెట్టు పెట్టాను. వారం వారం ఆ పుస్తకం చూసి పాడించాను. మొదట ఆమె గొంతు మొరాయించింది. తర్వాత దారికొచ్చింది. "ఇప్పుడు బాగుంది" అని మెచ్చుకున్నాను. ఒక్కసారైనా ఆమె పాడినది పాడినట్టు రాసుకోవాలని నాకు తోచలేదు.

అంతలో ఎలక్షన్లు వచ్చాయి. ఒక పార్టీ వాళ్లు నన్ను హోటల్లో కలిశారు. ఇద్దరు మనుషులు, మూడు కాఫీలు. చాలా మర్యాదగా మాట్లాడారు. "జనం నోట్లో నిలబడే బాణీ ఒకటి కావల్ల సార్. మీకు కుదరకుంటే చెప్పండి, ఏమీ అనుకోం. కడపలో ఇంకో ఆయప్ప ఉండాడు" అన్నారు.

ఆ కడప ఆయన మాట నాకు గుచ్చుకుంది. క్యాసెట్ అట్ట మీద నా పేరు వేస్తారా అని అడిగాను. వేస్తామన్నారు. ఆ సాయంత్రమే పాట కట్టి ఇచ్చాను. కపిల పాటకు, ఎర్ర ఇంకుతో నేను సరిచేసినదానికి, పార్టీ మాటలు అతికించాను. ఆ అమ్మాయి తండ్రిని చంపినవాళ్లు ఏ జెండా కింద తిరుగుతున్నారో ప్రొద్దుటూరులో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. అది ఆ జెండా పాటే. నేను పాటలు కట్టేవాణ్ణి, నాకు పార్టీలతో పనేమిటి అని నాకు నేను చెప్పుకున్నాను.

నాలుగు రోజుల్లో ఆ పాటతో మైకు జీపు బట్టల బజారులోకి వచ్చింది.

తర్వాతి పాఠానికి పోతే మేనమామ పెట్టె తియ్యమనలేదు. నా మొహం కూడా చూడలేదు. "పో లోపలికి. చూసేదేముందిలే" అన్నాడు. లోపల ఆ అమ్మాయి నోటుపుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"మీ పాట విన్నా సార్."

అప్పుడు నా నోటికి ఆ మాట వచ్చింది. "నాది కాదమ్మా. కత్తి పెట్టి కట్టించుకున్నారు. ఏం బాణీ వాయిస్తున్నానో కూడా నాకు తెలీలేదు."

తిడుతుందనుకున్నాను. ఆమె మొహం మారిపోయింది. "మీకేం కాలేదు గదా సార్?" అంది. తల్లి చెంబుతో మజ్జిగ తెచ్చింది. గడప అవతలి నుంచి విన్న మేనమామ లోపలికి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "ముందే చెప్పకూడదా అప్పా! ఒంటిగా తిరగొద్దు. మనోళ్లను ఇద్దర్ని పంపిస్తా, బస్సు దాకా" అన్నాడు.

లేచేముందు ఆ అమ్మాయి ఒకటి అడిగింది. "నాయనది పాడదామంటే ఇప్పుడు జీపు పాటే వస్తాంది సార్. మొదట్లో మీకు పాడి వినిపించినా గదా, మీరన్నా ఒకసారి పాడండి, గుర్తొస్తాదేమో." నేను పాడాను. నా నోట్లోంచి వచ్చింది కూడా జీపు పాటే.

ఆ సాయంత్రం ఇద్దరు మనుషులు నన్ను నడుమ పెట్టుకుని బస్టాండు దాకా నడిపించారు. ఒకడు నా హార్మోనియం పెట్టె మోశాడు. బస్సు కదిలేదాకా కిటికీ పక్కనే నిలబడ్డారు. లేని శత్రువుల నుంచి, తమ ప్రాణాలు లెక్కచేయకుండా, నాకు కాపలా కాశారు.

నెల తిరక్కుండా ఆ కుటుంబం ప్రొద్దుటూరు వదిలి వెళ్లిపోయింది. నేను మాత్రం ఆ కత్తి కథ వదల్లేదు. ఎవరడిగినా చెప్పాను. ఆ రోజుల్లో అలాంటి కథను నమ్మనివాళ్లు మా వైపు ఎవరున్నారు? చెప్పేకొద్దీ ఒక కత్తి రెండయింది, హోటలు కాస్తా ఊరి బయట తోట అయింది.

ఆ తర్వాత ఎవరు నేర్చుకోవడానికి వచ్చినా ముందు వాళ్లనే పాడమంటున్నాను. వాళ్లు పాడినంతసేపూ హార్మోనియం ముట్టుకోను. పాడినదాన్ని టేపులో, ఇప్పుడైతే ఫోనులో, పట్టుకున్నాకే పాఠం. దీన్ని జనం నా పద్ధతి అంటారు. మళ్లీ ఎవరి పాటనైనా పాడుచేస్తానేమోనన్న భయం అది.

శాలువా కప్పిన వారం తర్వాత పులివెందుల పోయాను. ఆ అమ్మాయి ఇప్పుడు అక్కడ బడిలో టీచరని తెలుసుకున్నాను. ఆమె ఇంటి గడప దగ్గర అలవాటు కొద్దీ పెట్టె దించి మూత తీశాను. చూసేవాళ్లెవరూ లేరు.

"మా మామ పోయి ఆరేండ్లాయె సార్. ఆ సారు బాగుండాడా అని కడదాకా అడుగుతాండె" అంది.

నిలబడే చెప్పాను. కాఫీల సంగతి, కడప ఆయన సంగతి, అట్ట మీద పేరు సంగతి.

"ఆ పొద్దు మిమ్మల్ని బస్సెక్కించనీకి వచ్చినోళ్లు మా చిన్నాయన కొడుకులు సార్" అంది. "వాళ్లకేమన్నా అయ్యుంటే?"



ఇదంతా రాసి అచ్చు వేయిస్తానన్నాను. "రాయండి. అది మా నాయన పాటని రాయండి. పేర్లొద్దు" అంది. తర్వాత పెట్టె వైపు చూసి, "వాయించండి" అంది.

వాయించాను. బాన ఒరిగే చోటికి రాగానే చెయ్యెత్తింది.

"ఆడ కాదు."

"మరి ఎక్కడమ్మా?"

కళ్లు మూసుకుని పెదవులు కదిపింది. గొంతు సగం దాకా వచ్చి ఆగిపోయింది. మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ ఆగింది.

"తెలీదు సార్. అది కాదని మాత్రం తెలుస్తాంది."