పొద్దు పొడిచేదాకా దయ్యం

టూరింగ్ టాకీసులో ఇంగ్లీషు బొమ్మ ఆడినప్పుడల్లా మైకు ముందు కూర్చుని తెలుగులో కథ చెప్పడం ఇమ్మానియేలు మాస్టారి పని. మిషను బడిలో ఉద్యోగం పోయాక పదకొండేళ్ళుగా అదే తిండి పెడుతోంది. మిరపకోతల రోజుల్లో ఊరి గాలంతా ఘాటే. నాలుగు మాటలకోసారి గొంతు పట్టేసేది.

ఆ వారం వచ్చింది ఎక్కడో చలిదేశపు అల్గాంక్విన్ తెగల పాతకథ మీద తీసిన సినిమా. మంచు అడవిలో ఆకలికి తాళలేక తోటివాడి మాంసం తిన్న వేటగాడికి దయ్యం పడుతుంది. ఎంత తింటే అంత ఆకలి దానికి. చీకట్లో బయటికొచ్చినవాళ్ళ వెంటపడుతుంది. ఆఖరి రీలు మిగిలుండగా కరెంటు పోయింది. రేపు అదే టిక్కెట్టుతో రమ్మన్నారు.

మర్నాడు కోడికూతకు మిరపతోటల ఆసామి బుల్లయ్యగారి ట్రాక్టరు వస్తే కోత కూలీలు ఒక్కరూ ఎక్కలేదు. దయ్యం తిరుగుతోందట, పొద్దెక్కాక వస్తామన్నారు.

సాయంత్రం ఆ కూలీల్లో ఒకతె, పున్నమ్మ, మాస్టారి గడపలో చతికిలబడి, మండే వేళ్ళకు ఆముదం రాసుకుంటూ అడిగింది.

"మాస్టారూ, ఇవాళ ఆ దయ్యం చస్తుందా?"

"ఏం, భయమా?"

"భయమా నా బొందా! రెండు నెలల తర్వాత ఇవాళే తెల్లారేదాకా పడుకున్నా. ఎంత కోసినా చాలదనే దయ్యాన్ని రోజూ చూస్తూనే ఉన్నాంగా, మంచుదయ్యమెంత? దాన్ని మాత్రం చంపమాకండి."

ఆట మొదలయ్యేసరికి బుల్లయ్య మైకు పక్కనే నిలబడ్డాడు. "దయ్యం గియ్యం లేదని గట్టిగా చెప్పు మేస్టారూ. కాయ చెట్టు మీదే ఎండిపోతోంది."

తెర మీద వేటగాడు ఆసుపత్రి మంచంలో ఉన్నాడు. దయ్యమేమీ లేదు, అంతా ఇతని మనసులోదేనని డాక్టరు చెబుతున్నాడు. ఇమ్మానియేలు ఇన్నేళ్ళలో ఒక్క ముగింపూ మార్చి చెప్పలేదు. ఆడవాళ్ళ వైపు చూశాడు. సగంమంది కూర్చున్నచోటే తూగుతున్నారు.

"డాక్టరుగారు భ్రమంటున్నారు..." గొంతు సవరించుకున్నాడు. "కానీ పొద్దు పొడిచేదాకా గడప దాటొద్దని కూడా అంటున్నారు. ట్రాక్టరెక్కినా సరే, వదలదట."

"ట్రాక్టరా? అంత మాటా అన్నాడా? ఆ దొర పెదాలు అంతసేపు కదల్లేదే!" అరిచాడు బుల్లయ్య. గుడారమంతా ఘొల్లుమంది.

రేపట్నించి రావద్దన్నాడు టాకీసు యజమాని. ఇమ్మానియేలు కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

కూలీలు దయ్యం మాట వదలకపోవడంతో కోతలయ్యేదాకా ట్రాక్టరు ఎండ పొడ వచ్చాకే కదిలింది. మొదటిరోజు దాని మోతకు కూడా మాస్టారు లేవలేదు.